కామన్ రైల్ డీజిల్: లక్షా ఇరవై రెండు వేల ఎస్టిమేట్ నుంచి నాలుగో ఇంజెక్టర్ దాకా

బండి: 1.3 లీటర్ కామన్ రైల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్-4, 2017 చివర్లో కొన్నది, 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. మా బావమరిదిది.

జబ్బు: పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. గంట తిరిగి ఆపి, పది నిమిషాలాగి మళ్లీ సెల్ఫ్ కొడితే పది పన్నెండు సెకన్లు తిరిగితే గానీ అందుకోదు. ఒక్కోసారి అసలు అందుకోదు. లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు చెక్ ఇంజన్ లైటు వెలిగి పవర్ పడిపోతుంది. ఎక్కువగా విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్ మీద. తాళం తీసి పెడితే మామూలైపోతుంది.

సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఎస్టిమేట్ ఇది:

1. ఇంజెక్టర్లు 4, ఒక్కోటి 15,900: రూ. 63,600
2. హై ప్రెషర్ పంపు: రూ. 31,500
3. లేబరు, కోడింగ్: రూ. 8,400
4. 18 శాతం జీఎస్టీ: రూ. 18,630
5. మొత్తం: రూ. 1,22,130

కాగితం మీద ఒక్క కొలత కూడా లేదు. స్కానర్‌లో వచ్చిన పి0087 అనే కోడ్ మాత్రం ఉంది. రైలులో, అంటే పంపు తోసిన డీజిల్‌ని సిలిండర్లలోకి చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ పంచే ఉమ్మడి గొట్టంలో, ప్రెషర్ ఉండాల్సినంత లేదని దాని అర్థం. ఎందుకు లేదో ఆ కోడ్ చెప్పదు. ఫిల్టర్ మూసుకుపోయినా, పైపులోకి గాలి జొరబడినా, పంపు అరిగినా, ఒక ఇంజెక్టర్ లోపల్లోపల కారుతున్నా, సెన్సార్ తప్పు చెప్పినా వచ్చేది అదే కోడ్. వీటిలో ఏదైనది కావచ్చు కాబట్టి అన్నీ మార్చేద్దామన్నది ఆ ఎస్టిమేట్ వెనకున్న ఆలోచన.

నేను మెకానిక్‌ని కాదు. ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ నా పని. ఇదే జబ్బుతో ఉన్నవాళ్లు ఏ వరసలో కొలవాలో, ఎక్కడ డబ్బులు వృథా అవుతాయో తెలుసుకోవడానికి ఈ డైరీ రాస్తున్నాను. మల్టీమీటర్, స్పేనర్లు ముందే ఉన్నాయి. వాటిని లెక్కలో వేయలేదు.

దశ 1: కోడ్ చదవడం, డాంగిల్ గొడవ

బండి కంప్యూటర్‌లోని కోడ్‌లని ఫోన్‌లో చూపించడానికి ముందు కొన్నది 350 రూపాయల బ్లూటూత్ డాంగిల్. ఫోన్‌కి కలుస్తుంది, బండికి కలవదు. ఇలాంటప్పుడు తప్పు బండి పోర్టుదో డాంగిల్‌దో ముందు తేల్చుకోవాలి. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ పోర్టు దగ్గర మల్టీమీటర్‌తో చూడాల్సినవి ఇవి:

1. 16వ పిన్ను, 4వ పిన్ను మధ్య బ్యాటరీ ఓల్టేజీ రావాలి. 12.4 వచ్చింది.
2. బ్యాటరీ నెగటివ్ తీసేసి, 6వ పిన్ను, 14వ పిన్ను మధ్య ఓమ్స్ చూడాలి. ఇవి క్యాన్ లైను, అంటే బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే లైను, రెండు తీగలు. రెండు చివరలా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి మధ్యలో 60 చూపించాలి. 60.3 వచ్చింది. 120 వస్తే ఒక చివర తెగినట్టు. సున్నాకి దగ్గరగా వస్తే తీగలు రెండూ అతుక్కున్నట్టు.

పోర్టు బాగానే ఉందని తేలింది. చవక డాంగిళ్లలో చాలావాటి లోపలుండేది అసలు చిప్ కాదు, నకలు. పెట్టె మీద వెర్షన్ నంబరు ఘనంగా ఉన్నా సగం కమాండ్లకి జవాబివ్వదు. దాన్ని పక్కన పడేసి 1,900 పెట్టి మంచిది కొన్నాను. వెంటనే కలిసింది.

నిల్వ ఉన్న కోడ్ పి0087. పెండింగులో పి0401 ఉంది, అది ఈజీఆర్, అంటే ఇంజను పొగలో కొంత మళ్లీ లోపలికి పంపే ఏర్పాటు, సరిపడా పొగ పంపడం లేదనే కోడ్. పి0087 పడిన క్షణంలో ఇంజను కంప్యూటర్ దాచుకున్న వివరాలనీ తీశాను: 2,640 ఆర్‌పీఎం, లోడు 91 శాతం, కూలెంట్ 88 డిగ్రీలు, రైల్ ప్రెషర్ 870 బార్. ఈ ఇంజను రైలు పూర్తి లోడులో 1,600 బార్ దాకా వెళ్లేది. అంత లోడులో 870 అంటే సగం చిల్లర.

ఇక్కడే ఒక అడ్డు తగిలింది. మామూలు ఓబీడీ యాప్ రైలులో ఎంత ప్రెషర్ ఉందో చూపిస్తుంది గానీ, ఆ క్షణంలో కంప్యూటర్ ఎంత అడిగిందో ఈ బండిలో చూపించలేదు. అది కంపెనీ స్కానర్‌కే కనబడుతుంది. రిపేరు చేసేవాడికి ఆ రెండు అంకెల తేడానే కావాలి. ఒకటే చేతికిచ్చి రెండోది దాచిపెడితే మిగిలేది ఊహే. ఆ ఊహ ఖరీదు బండి ఓనర్ బిల్లులో చేరుతుంది.

ఖర్చు: 350 + 1,900. ఇప్పటిదాకా మొత్తం: రూ. 2,250

దశ 2: ముందు కరెంటు, తర్వాతే డీజిల్

డీజిల్ పైపు ముట్టుకోకముందే సెన్సార్ నిజం చెబుతోందో లేదో చూసుకోవాలి. రైలు చివర మూడు తీగల ప్రెషర్ సెన్సార్ ఉంటుంది: 5 ఓల్టుల సప్లై, ఎర్త్, సిగ్నల్. సిగ్నల్ తీగ వెనక నుంచి సన్నటి పిన్ను ఆనించి తీసిన కొలతలివి:

1. సప్లై: 5.02 ఓల్టులు.
2. ఇంజను ఆపి, తాళం ఆన్‌లో: 0.51 ఓల్టు. సున్నా బార్ దగ్గర అరఓల్టు ఉండాలి, ఉంది.
3. ఐడిల్‌లో: 1.10 ఓల్టు.

ఈ సెన్సార్ 1,800 బార్ రకం. అరఓల్టు దగ్గర సున్నా, నాలుగున్నర ఓల్టుల దగ్గర 1,800. మధ్యలో సరళరేఖ. కాబట్టి చదివిన ఓల్టుల్లోంచి 0.5 తీసేసి, 4తో భాగించి, 1,800తో గుణిస్తే బార్ వస్తుంది. 1.10కి 270 బార్. యాప్‌లో అదే సమయంలో 27,000 కిలోపాస్కల్స్ చూపిస్తోంది, అంటే 270 బార్. రెండూ సరిపోయాయి కాబట్టి సెన్సార్‌ని అనుమానితుల జాబితాలోంచి తీసేశాను. మీ సెన్సార్ రకం వేరైతే లెక్కలో 1,800 బదులు దాని మీదున్న అంకె వేయండి.

ఈ ఓల్టేజీ ఇంకో పనికీ పనికొస్తుంది. పైపు విప్పేముందు ఇంజను ఆపి పది నిమిషాలాగి, సిగ్నల్ మళ్లీ అరఓల్టుకి దిగిందని కళ్లారా చూశాకే స్పేనర్ పట్టుకోండి. ఇంజను నడుస్తుండగా హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేసి చూడటం పాత జీపుల నాటి అలవాటు. ఇందులో అది ప్రాణాంతకం. ఈ ప్రెషర్‌లో వచ్చే డీజిల్ చార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది.

తర్వాత బ్యాటరీ, సెల్ఫ్. వేడి ఇంజను మీద సెల్ఫ్ కొడుతూ చూస్తే బ్యాటరీ 10.2 ఓల్టుల దగ్గర నిలబడింది, బాగానే ఉంది. కానీ ఇంజను తిరిగేది 190 ఆర్‌పీఎం దగ్గరే. మల్టీమీటర్ ఒక మొన ఇంజను బ్లాక్ మీద, ఇంకోటి బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే 0.62 ఓల్టు చూపించింది. ఎర్త్ తీగలో 0.2 దాటకూడదు. విప్పి చూస్తే గేర్‌బాక్స్ దగ్గర లగ్ కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. కొత్త ఎర్త్ తీగ వేసి, లోహం మెరిసేదాకా రుద్ది బిగించాక 0.14కి దిగింది. సెల్ఫ్ వేగం 235 ఆర్‌పీఎంకి పెరిగింది.

జబ్బు మాత్రం పోలేదు. వేడి మీద సెల్ఫ్ కొట్టినప్పుడు రైల్ ప్రెషర్ ఇంతకు ముందు 120 బార్, ఇప్పుడు 140. కామన్ రైల్ ఇంజన్లలో కంప్యూటర్ ఇంజెక్టర్లని తెరవాలంటే మామూలుగా 150 నుంచి 200 బార్ దాకా రావాలి. ఎర్త్ తీగ నిజంగానే పాడైంది, మార్చాల్సిందే, కానీ అసలు కారణం అది కాదు. ఒక లోపం దొరకగానే జబ్బు దొరికేసిందనుకుని బోనెట్ మూసేయకూడదు. ఏది మార్చినా మళ్లీ అదే కొలత తీసి, రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోవాలి.

ఖర్చు: 280. ఇప్పటిదాకా మొత్తం: రూ. 2,530

దశ 3: ఫిల్టర్, గాలి

ఫిల్టర్ అడుగున స్క్రూ వదిలితే అరగ్లాసుకి తక్కువగా నీళ్లు దిగాయి. ఫిల్టర్ మార్చాను. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య జానెడు పారదర్శకమైన పైపు వేసి, ఐడిల్‌లో బుడగలు చూశాను. మొదట్లో చిన్నచిన్నవి వచ్చాయి, ఫిల్టర్‌లో మిగిలిన గాలి. పావుగంట తర్వాత ఆగిపోయాయి. వేడెక్కాక కూడా రాలేదు.

వేడి మీద సెల్ఫ్ ప్రెషర్: 145 బార్. అంటే ఏమీ మారలేదు.

ఖర్చు: ఫిల్టర్ 1,150, పైపు, క్లిప్పులు 120. ఇప్పటిదాకా మొత్తం: రూ. 3,800

దశ 4: లీక్ ఆఫ్ పరీక్ష, చల్లగా ఒక మాట, వేడిగా ఇంకో మాట

ఇక మిగిలింది రెండే: పంపు, ఇంజెక్టర్లు. ప్రతి ఇంజెక్టర్ నుంచీ కొంత డీజిల్ వెనక్కి ట్యాంకుకి పోతుంది. అది సహజమే. లోపలి వాల్వ్ అరిగితే పోకూడనంత పోతుంది. అడుగున చిల్లున్న బిందెలో ఎంత పోసినా నిండనట్టు, పంపు ఎంత తోసినా రైలులో ప్రెషర్ నిలవదు. ఎవరు ఎంత కారుస్తున్నారో కొలిచేదే లీక్ ఆఫ్ పరీక్ష.

కావలసినవి మందుల షాపులో దొరికాయి: 100 మి.లీ. సిరంజిలు నాలుగు, సెలైన్ గొట్టాలు. ఇంజెక్టర్ నెత్తిన బిగిసే అడాప్టర్లు ఆటోనగర్‌లో 450కి వచ్చాయి. సెలైన్ గొట్టం డీజిల్‌కి మెత్తబడుతుంది, పరీక్ష వరకే పనికొస్తుంది.

1. నాలుగు ఇంజెక్టర్ల మీదా రిటర్న్ క్లిప్పులు లాగి, అడాప్టర్లు పెట్టాలి.
2. ట్యాంకు వైపు వెళ్లే రిటర్న్ పైపుని మూత పెట్టి మూసేయాలి.
3. ఇంజను స్టార్ట్ చేసి ఐడిల్‌లో రెండు నిమిషాలు ఉంచాలి.
4. ఆపి, నాలుగు సిరంజిల్లో మట్టం రాసుకోవాలి.

క్లిప్పులు లాగేటప్పుడు రెండో ఇంజెక్టర్ మీది T ఆకారపు ప్లాస్టిక్ ముక్క పుటుక్కున విరిగింది. ఏడెనిమిదేళ్లు వేడిలో ఉడికిన ప్లాస్టిక్, వంగే గుణం పోయింది. మొత్తం రిటర్న్ పైపు సెట్ 780 పెట్టి కొనాల్సి వచ్చింది. పాత బండి మీద ఈ పరీక్ష చేసేవాళ్లు ఆ సెట్ ముందే తెచ్చి పెట్టుకోవడం మేలు.

చల్లటి ఇంజను మీద వరసగా 1 నుంచి 4 దాకా: 12, 14, 11, 16 మి.లీ.

ఈ అంకెలు చూసి ఎవరైనా ఇంజెక్టర్లు నాలుగూ బాగున్నాయి, పంపే పోయిందనుకుంటారు. ముప్పై వేల పంపు కొనే నిర్ణయం సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. కానీ బండి జబ్బు వేడి మీదే వస్తోంది కదా, కొలతా వేడి మీదే తీయాలి. వేడెక్కితే డీజిల్ పలచబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు సందులోంచి దూరలేనిది వేడికి దూరిపోతుంది. ఇరవై కిలోమీటర్లు తిప్పి, కూలెంట్ 88 డిగ్రీలున్నప్పుడు వెంటనే మళ్లీ కొలిచాను.

వేడి ఇంజను మీద: 21, 24, 20, 71 మి.లీ.

నాలుగోది మిగతావాటికి మూడు రెట్లు. అయినా పంపు నిర్దోషి అని ఇంకా తేలలేదు. రెండూ చెడి ఉండొచ్చు. అందుకని డీజిల్ పంపులు బాగుచేసే షాపు నుంచి రైలుకి బిగించే ఉక్కు మూత అద్దెకి తెచ్చాను. ప్రెషర్ దిగాక నాలుగో ఇంజెక్టర్‌కి వెళ్లే పైపు తీసేసి, రైలు దగ్గర ఆ దారిని మూతతో మూసి, వేడి మీద సెల్ఫ్ కొట్టాను. ప్రెషర్ 310 బార్. రెండో చుట్టుకే ఇంజను మూడు సిలిండర్ల మీద కుంటుతూ అందుకుంది. వెంటనే ఆపేశాను.

పంపు బాగుంది. 31,500 రూపాయల భాగం మార్చక్కర్లేదని తేల్చింది వంద రూపాయల అద్దె మూత. మిగతా మూడు ఇంజెక్టర్లు మార్చక్కర్లేదని తేల్చినవి మందుల షాపు సిరంజిలు.

సర్వీస్ సెంటర్‌లో పనిచేసే కుర్రాళ్లకి ఈ పరీక్ష తెలియక కాదు. వేడి మీద కొలిచి, మూత పెట్టి చూడటానికి పూట పడుతుంది. ఆ పూటకి బిల్లులో వరస లేదు. విడిభాగానికి ఉంది, దాన్ని బిగించే లేబరుకి ఉంది, జబ్బు వెతకడానికి లేదు. పైగా ఒక్క ఇంజెక్టరే మార్చి పంపాక ఇంకోటి చెడితే కస్టమర్ వచ్చి కొట్లాడతాడు. ఈ లెక్కలో సెట్టు మొత్తం మార్చడమే వాళ్లకి క్షేమం. జబ్బు వెతికినందుకు రెండు వేలిస్తానని, కొలతలు రాసివ్వమని అడిగే కస్టమర్లు పెరిగితే గానీ ఈ పద్ధతి మారదని నా నమ్మకం. మనం వెతికినందుకు ఇవ్వడానికి వెనకాడి, మార్చినందుకు లక్ష ఇస్తున్నాం.

ఖర్చు: సిరంజిలు, గొట్టాలు 240, అడాప్టర్లు 450, రిటర్న్ సెట్ 780, మూత అద్దె 100. ఇప్పటిదాకా మొత్తం: రూ. 5,370

దశ 5: ఇంజెక్టర్ బయటికి తీయడం

పని మొత్తంలో ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే. ఇంజెక్టర్ చుట్టూ కార్బన్ పేరుకుని ఇంజను హెడ్డుతో ఏకమైపోయి ఉంది.

1. చుట్టూ గాలి కొట్టి శుభ్రం చేశాక, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయాలి.
2. పొద్దున ఇంజను కాసేపు నడిపి గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆపి, ప్రెషర్ దిగిందని సెన్సార్ ఓల్టేజీతో చూసుకోవాలి.
3. క్లాంప్ బోల్టు, పైపు, కరెంటు ప్లగ్గు తీయాలి. విప్పిన ప్రతి రంధ్రానికీ శుభ్రమైన మూత పెట్టాలి. కంటికి కనబడని ఇసుక రేణువు లోపలికి పోయినా కొత్త ఇంజెక్టర్ పాడవుతుంది.
4. స్పేనర్‌తో కొద్దికొద్దిగా ఇటూ అటూ తిప్పాలి. పక్కనుంచి సుత్తితో కొట్టకూడదు.
5. స్లైడ్ పుల్లర్‌తో నిట్టనిలువుగా లాగాలి.

స్పేనర్‌కి మొదట వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మళ్లీ నూనె, మళ్లీ వేడి, మళ్లీ ఆగడం. ఇంజెక్టర్ మధ్యలో విరిగితే హెడ్డు విప్పాలి, అప్పుడు ఖర్చు మళ్లీ ఎస్టిమేట్ దారి పడుతుంది. ఆఖరికి పుల్లర్ దెబ్బలకి ఊడి వచ్చింది. అడుగునున్న రాగి వాషర్ లోపలే ఉండిపోయింది, కొక్కెంతో తీశాను. వాషర్ కూర్చునే చోటు నున్నగా తుడవకుండా కొత్తది వేస్తే గ్యాసు పైకి తన్ని మళ్లీ ఇదే కార్బన్ పేరుకుంటుంది. హై ప్రెషర్ పైపు కూడా విప్పితే కొత్తది వేయమనే కంపెనీ పుస్తకం చెబుతుంది. వేశాను.

మిగతా మూడింటినీ ముట్టుకోలేదు. బాగున్నవాటిని పరీక్ష పేరుతో లాగితే విరిగే ప్రమాదమే ఎక్కువ.

ఖర్చు: నూనె 220, పుల్లర్ అద్దె 300, వాషర్ 60, పైపు 1,250. ఇప్పటిదాకా మొత్తం: రూ. 7,200

దశ 6: ఆటోనగర్ పంపు షాపు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో డీజిల్ పంపు పని చేసేవాళ్లు రెండు రకాలు. ఇంజెక్టర్ చూసి ధర చెప్పేవాళ్లు ఒక రకం. ముందు బెంచ్, అంటే ఇంజెక్టర్‌ని కొలిచే యంత్రం, మీద పెట్టి కొలతల కాగితం ఇచ్చేవాళ్లు రెండో రకం. రెండో రకం వెతుక్కోండి.

పాత జీపుల, లారీల నాజిల్, అంటే ఇంజెక్టర్ చివర డీజిల్ చిమ్మే మొన, అయితే 100, 200 బార్ మధ్య తెరుచుకునేది. చేతి పంపున్న టెస్టర్ మీద పెట్టి, స్ప్రే ఎలా ఉందో కంటితో చూసి, షిమ్ అనే పలచటి బిళ్ల మార్చి సరిచేసేవాళ్లు. ఊరూరా ఆ పని ఉండేది. ఇప్పుడు ప్రెషర్ దానికి పదింతలు, తెరుచుకునే సమయం సెకనులో వెయ్యో వంతు లెక్క, ఒకే స్ట్రోకులో రెండు మూడు సార్లు చిమ్మాలి. బెంచ్ ఖరీదు లక్షల్లో. బీఎస్ ప్రమాణాలతో పొగ తగ్గింది, మైలేజీ పెరిగింది, అది అవసరమే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక డీజిల్ కార్లకి పొగగొట్టంలో మసిని పట్టే పర్టిక్యులేట్ ఫిల్టర్, దాని చుట్టూ ఉష్ణోగ్రత, ప్రెషర్ సెన్సార్లు కూడా చేరాయి. ఒక్కోటీ ఒక మేలు కోసమే వచ్చింది. కానీ వాటిని బాగుచేసే జ్ఞానం, పనిముట్లు ఊళ్లలోని షెడ్లకి అదే వేగంతో చేరలేదు.

బెంచ్ కాగితంలో నాలుగు వరసలుంటాయి: వీఎల్ అంటే పూర్తి లోడు, ఈఎం అంటే మధ్య లోడు, ఎల్‌ఎల్ అంటే ఐడిల్, వీఈ అంటే అసలు చిమ్మే ముందు చిమ్మే చిన్న మోతాదు. నా ఇంజెక్టర్‌కి వీఎల్‌లో రిటర్న్ హద్దుకి రెట్టింపు దాటింది. చిమ్మే మోతాదు మాత్రం నాలుగు చోట్లా హద్దులోనే ఉంది. అంటే నాజిల్ బాగుంది, పై వాల్వ్ అరిగింది.

మేస్త్రి చెప్పిన దారులు మూడు: కొత్తది 15,900. ఎక్స్ఛేంజ్‌లో రీకండిషన్ 7,000. ఇదే ఇంజెక్టర్‌కి కొత్త వాల్వ్ సెట్ 5,200. రీకండిషన్‌ది ఎక్కడ తిరిగిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలియదు. దీని నాజిల్ బాగుందని కాగితమే చెబుతోంది. వాల్వ్ సెట్‌కే వెళ్లాను.

వాల్వ్ వేసి బెంచ్ మీద పెడితే రిటర్న్ దిగింది గానీ, ఎల్‌ఎల్ మోతాదు హద్దు కిందికి పడిపోయింది. అలాగే బిగిస్తే ఐడిల్‌లో ఇంజను వణుకుతుంది. "తొందరపడకు బాబూ, లోపల షిమ్ మందం మైక్రాన్లలో మార్చాలి" అన్నారు మేస్త్రి. మార్చి, మళ్లీ బెంచ్, మళ్లీ విప్పడం. నాలుగు వరసలూ హద్దులోకి వచ్చిన కాగితం చేతికి వచ్చాకే డబ్బులిచ్చాను. దాంతోపాటు ఇంకోటి అడిగి తీసుకోవాలి, అది కొత్త కోడ్. అది లేకపోతే తర్వాతి దశ ఆగిపోతుంది.

ఖర్చు: బెంచ్ పరీక్ష 400, వాల్వ్ సెట్, పని 5,200. ఇప్పటిదాకా మొత్తం: రూ. 12,800

దశ 7: కోడింగ్

ప్రతి ఇంజెక్టర్ తల మీద అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ చెక్కి ఉంటుంది. తయారీలో ఒక్కో ఇంజెక్టర్‌కీ వచ్చే చిన్న తేడా ఎంతో ఆ కోడ్‌లో ఉంటుంది. ఇంజను కంప్యూటర్‌లో దాన్ని రాస్తే, ఆ తేడాకి తగ్గట్టు చిమ్మే సమయాన్ని సవరించుకుంటుంది. వాల్వ్ మార్చాక పాత కోడ్ చెల్లదు, బెంచ్ ఇచ్చిన కొత్త కోడ్ రాయాలి.

నా 1,900 డాంగిల్ చదవగలదు, రాయలేదు. సర్వీస్ సెంటర్‌ని అడిగితే బయట చేయించిన ఇంజెక్టర్‌కి కోడింగ్ చేసేది లేదన్నారు. ఇంజెక్టర్ పని చేస్తోంది, కాగితం ఉంది, కోడ్ ఉంది. పది నిమిషాల పనికి తలుపు మూసి ఉంది.

ఈ తలుపు గురించి 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా తీర్పే ఇచ్చింది. విడిభాగాలు, రిపేరు సమాచారం, డయాగ్నస్టిక్ పనిముట్లు బయటి మెకానిక్‌లకి అందకుండా అడ్డుకున్నారని 14 కార్ల కంపెనీలకి రూ. 2,544.65 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరులో పోర్టల్ తెరిచింది. ఆటోమొబైల్స్ కూడా అందులో ఒక విభాగం. మంచి అడుగులే. కానీ ఆటోనగర్‌లో షెడ్డు నడిపే మనిషి చేతికి కంప్యూటర్‌లో రాసే హక్కు ఇంకా సూటిగా రాలేదు. అన్ని కంపెనీల బండ్లకీ పనికొచ్చే స్కానర్‌ని సొంత డబ్బుతో కొనుక్కుని, ఏటా అప్‌డేట్‌కి కట్టుకుంటున్నాడు. కొన్ని కొత్త బండ్లలో కంపెనీ అనుమతి లేనిదే ఆ స్కానర్‌ని కూడా లోపలికి రానివ్వని తాళం చేరింది. పనిముట్లు ఉచితంగా ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. న్యాయమైన ధరకి అమ్మమంటున్నారు.

అలాంటి స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర 1,500కి ఒప్పందం. కోడ్ రాస్తుండగా మధ్యలో ఆగిపోయింది. మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ 11.9 ఓల్టులు. ఇంజను ఆపి తాళం ఆన్‌లో ఉంచితే కంప్యూటర్, ఫ్యాను, రిలేలు అన్నీ బ్యాటరీని తింటూనే ఉంటాయి. ఛార్జర్ తగిలించి 13.2 దగ్గర నిలబెట్టాక కోడ్ ఎక్కింది. కంప్యూటర్‌లో ఏది రాసినా ఛార్జర్ లేకుండా మొదలుపెట్టనివ్వకండి.

ఆ స్కానర్‌లోనే సిలిండర్ల సవరింపు అంకెలు చూశాం. ఐడిల్‌లో ఏ సిలిండర్‌కి కంప్యూటర్ ఎంత ఎక్కువ, ఎంత తక్కువ డీజిల్ ఇస్తోందో అవి చెబుతాయి. ప్లస్ 0.3, మైనస్ 0.4, ప్లస్ 0.2, మైనస్ 0.1. అన్నీ సున్నా చుట్టూ ఉన్నాయి.

ఖర్చు: 1,500. ఇప్పటిదాకా మొత్తం: రూ. 14,300

దశ 8: రోడ్డు మీద

బయల్దేరే ముందు పైపు నట్ల దగ్గర టిష్యూ కాగితం ఆనించి తడి ఉందేమో చూశాను. చేత్తో తడమకూడదు. పొడిగా ఉంది.

గుంటూరు వైపు జాతీయ రహదారి 16 మీద, కాజ టోల్ దాటాక నాలుగో గేరులో పూర్తిగా తొక్కి యాప్‌లో రికార్డు చేశాను. 2,650 ఆర్‌పీఎం దగ్గర రైల్ ప్రెషర్ 1,480 బార్. పాత అంకె 870. తిరిగొచ్చి, పది నిమిషాలు ఆపి, వేడి మీద సెల్ఫ్ కొడితే 290 బార్, వెంటనే అందుకుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడూ లైటు వెలగలేదు.

వేడి మీద లీక్ ఆఫ్ మళ్లీ తీశాను: 22, 25, 20, 23 మి.లీ.

14,300లో డాంగిల్, సిరంజిలు, అడాప్టర్లు కలిపి 2,590 మళ్లీ పనికొచ్చే సామాను. నకలు డాంగిల్ 350 పోయినట్టే. నా శ్రమకి విలువ కట్టలేదు. ఇదే పనిని ఓపికున్న మెకానిక్ చేస్తే, వెతికినందుకూ తీసినందుకూ ఆరేడు వేలు అడిగితే అది న్యాయమైన ధరే. అప్పుడూ ఎస్టిమేట్‌లో ఐదో వంతు దాటదు.

మిగిలిన పని

పి0401 పెండింగులోంచి పోలేదు. ఈజీఆర్ వాల్వ్ విప్పి చూస్తే దారి సగానికి పైగా మసితో మూసుకుపోయి ఉంది. దాన్ని శుభ్రం చేసే ముందు, తర్వాత ఐడిల్‌లో గాలి సెన్సార్ అంకెలు తీసి పక్కపక్కన రాస్తాను. గ్యాస్కెట్ తప్ప కొనాల్సింది లేదు. కొత్త వాల్వ్ ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి 5,000 కిలోమీటర్ల దగ్గర వేడి మీద లీక్ ఆఫ్ మళ్లీ తీసి, ఆ నాలుగు అంకెలు ఇక్కడే కింద చేరుస్తాను. 40 దాటిన సిలిండర్ ఉంటే దాన్నే తీస్తాను.